ఫైబర్ పడవ ఎక్కడ కడగాలి, దేంతో కడగాలి: నాగార్జునసాగర్, సోమశిల వైపు తిరిగేవాళ్లకు

ఫైబర్ పడవ కొన్నవాళ్లు నన్ను మొదట అడిగేది ఏ సబ్బు మంచిదని. కడిగిన నీళ్లు ఎక్కడికి పోతాయో ముందు చెప్పండి, సబ్బు సంగతి తర్వాత మాట్లాడదాం అంటాను. సబ్బు ఎంత మంచిదైనా చెరువులో కలిస్తే నష్టమే. అదే పొలం గట్టు మీద నేలలో ఇంకిపోతే మామూలు సబ్బుతోనే పని గడిచిపోతుంది. ఈ మాట నాకు పుస్తకం చూసి తెలియలేదు, చేపలు చచ్చాక తెలిసింది.

మాది 13 అడుగుల తెరచాప పడవ. నేనూ మా బావా కలిసి సెకండ్ హ్యాండ్‌లో కొని హైదరాబాద్ నుంచి ట్రాలీ మీద తెచ్చుకున్నాం, హాలియా దగ్గర మా పొలంలో షెడ్డు కింద ఉంటుంది. తెచ్చిన మొదటి ఏడాది దాని మీద అంతా పాచి మరకలు, పిట్టల రెట్టలు. కెమికల్స్ వద్దు, మన కుంకుడుకాయ ఉంది కదా అనుకుని కిలో కాయలు కొట్టి రాత్రంతా నానబెట్టి, పొద్దున్నే పొలం పక్కనున్న కుంట దాకా ట్రాలీ నెట్టుకుపోయి అక్కడే నురగ పట్టించి కడిగాం. అరగంట కాలేదు, చీలమండల లోతు నీళ్లలో వేలెడంత పరక చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, కొన్ని అప్పటికే తెల్లటి పొట్ట పైకి పెట్టి తేలాయి. అటుగా వల భుజాన వేసుకుని పోతున్న ఒక ముసలాయన ఆగి చూసి, "కుంకుడు నీళ్లు కుంటల కలిపినవా బిడ్డా? గవ్విటికి చేపలకు మైకమొస్తది. ఎనకట గిట్లనే కొట్టి పట్టేటోళ్లు" అన్నాడు. నాకు సిగ్గేసింది. కుంకుడులో నురగ వచ్చేది సపోనిన్ల వల్ల, ఆ సపోనిన్లే చేప మొప్పల్ని దెబ్బతీస్తాయి. మన తలకు మంచిది కాబట్టి చేపకూ మంచిదే అనుకోవడం మా తెలివితక్కువతనం.

మనం పడవ దింపే నీళ్లు ఎవరు తాగుతున్నారో కూడా ఆలోచించండి. సాగర్ వెనుక జలాల నుంచి పుట్టంగండి దగ్గర ఎత్తిపోసిన నీళ్లు అక్కంపల్లి రిజర్వాయర్‌కు, అక్కడి నుంచి హైదరాబాద్ నల్లాలకు పోతాయి, పానగల్లు ఉదయసముద్రానికీ అవే వస్తాయి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి వెన్నులు వంగిపోయిన ఊళ్లకు కృష్ణా నీళ్లు రావడానికి ఎన్నేళ్లు పట్టిందో నల్గొండలో పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ నీళ్లలో మన పడవ మురికీ, యాసిడ్ డబ్బా అడుగూ కలపకూడదు.

చట్టం కూడా సరిగ్గా ఇదే అంటుంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ ప్రకారం హాని చేసే పదార్థాన్ని తెలిసీ వాగులో గానీ బావిలో గానీ నేల మీద గానీ వదలకూడదు. వాగు అనే మాట కింద చెరువులు, రిజర్వాయర్ల లాంటి మనిషి కట్టిన జలాశయాలు కూడా వస్తాయి. పడవకు ఇంజన్ ఉంటే 2021 ఇన్లాండ్ వెసెల్స్ చట్టంలో కాలుష్యం గురించి విడిగా ఒక అధ్యాయమే ఉంది. నల్లమల వైపు, అంటే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ ఒడ్డున గనక ఉంటే 1972 వన్యప్రాణి చట్టం కూడా వర్తిస్తుంది, అక్కడ ఒడ్డున కడగడం అనే ఆలోచనే పెట్టుకోకండి. పడవ దింపడానికి అనుమతి ఎవరిస్తారో వాళ్లనే ఒడ్డున కడగొచ్చా అని కూడా అడగండి, రెండు వేర్వేరు విషయాలు.

సరే, చోటు. మనకు నిజంగా ఉన్న దారులు మూడు: నీటి ఒడ్డు, ఊళ్లో కార్లు కడిగే వాటర్ సర్వీసింగ్, సొంత జాగా.

నీటి ఒడ్డున కడగడం అన్నిటికంటే సుఖం, పడవ అక్కడే ఉంటుంది, నీళ్లు అక్కడే ఉంటాయి. కానీ చేప పిల్లలు పెరిగేది కూడా ఆ లోతు తక్కువ నీళ్లలోనే. సాగర్ నిండినప్పుడు 590 అడుగులు, వేసవిలో 510 దాకా దిగిపోతుంది, అప్పుడు ఒడ్డున మిగిలేవి చిన్న మడుగులు, ఒక్క బకెట్ సబ్బు నీళ్లు ఆ మడుగులో పడితే పలచబడే అవకాశమే లేదు. అందుకే ఒడ్డున నేను చేసేది ఒక్కటే పని. పడవ బయటికి లాగగానే, పాచి ఆరి గట్టిపడకముందే, వట్టి నీళ్లతో మెత్తటి స్పాంజి పెట్టి తుడిచేస్తాను, సబ్బు చుక్క కూడా వాడను. నిజం చెప్పాలంటే ఏడాదిలో ముప్పావు వంతు కడుగుడు ఇంతటితోనే అయిపోతుంది. తడి పాచి వేలితో తుడిస్తే పోతుంది, అదే రెండు రోజులు ఎండలో ఆరితే అట్టలా అతుక్కుని దాన్ని తీయడానికి యాసిడ్ దాకా వెళ్లాల్సి వస్తుంది.

వాటర్ సర్వీసింగ్ పాయింట్లు మిర్యాలగూడ నుంచి మహబూబ్‌నగర్ దాకా రోడ్డు పొడవునా ఉన్నాయి. ఇక్కడ ఒక్కటే చూడాలి, నీళ్లు పోయే కాలువ ఎటు పోతుందని. నూనె, మడ్డి పట్టుకునే గుంత కట్టుకున్నవాళ్లు కొందరున్నారు, అలాంటి చోటైతే వెళ్లండి. మేం ఒకసారి వెళ్లిన చోట గుంత లేదు, తెల్లటి నురగ సిమెంటు కాలువలో పోయి నేరుగా ఊరి చెరువు తూములో పడుతోంది. ఇంకో సంగతి, అక్కడి కుర్రాళ్లకు పడవ తెలియదు, లారీ టైర్ మీద కొట్టినట్టు ప్రెషర్ పంపు కొడతారు. ఆ ధార దగ్గరగా కొడితే స్టిక్కర్ల అంచులు లేస్తాయి, పగుళ్లున్న చోట పైన మెరిసే పొర పెచ్చులుగా ఊడుతుంది, డెక్కూ అడుగు భాగమూ కలిసే జాయింట్‌లోకి, ట్రాలీ చక్రాల బేరింగుల్లోకి నీళ్లు దూరతాయి. ఒప్పుకుంటే పంపు మీరే పట్టుకోండి, వెడల్పుగా విచ్చుకునే నాజిల్ పెట్టండి, అడుగున్నర దూరం తగ్గకండి.

నా ఓటు సొంత జాగాకే. పొలమో పెరడో ఉంటే చాలు. బావికీ బోరుకీ చెరువుకీ కనీసం 60-70 మీటర్లు దూరం ఉన్న చోట, మట్టి లోతుగా ఉన్న చోట ట్రాలీ నిలబెట్టండి. బండ మీదో సిమెంటు గచ్చు మీదో వద్దు, నీళ్లు ఇంకకుండా పారిపోతాయి. మేం షెడ్డు పక్కన ఇంకుడు గుంత తవ్వాం, అడుగున రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక. పలుచటి సబ్బు నీళ్లు అందులో ఇంకితే మట్టిలోని సూక్ష్మజీవులు ఆ సబ్బును మెల్లగా విరగ్గొడతాయి, కుంకుడు నీళ్లకూ అదే వర్తిస్తుంది. అందుకే మేం ఇప్పటికీ కుంకుడు వాడతాం, కుంట దగ్గర మాత్రం కాదు. అయితే ఈ గుంతలో యాసిడ్, థిన్నర్, రంగు గీకిన పొడి ఎప్పుడూ పోయకూడదు, అవి నేలలో కరిగిపోయేవి కావు, భూగర్భంలోకి దిగుతాయి. ఊళ్లో అద్దె ఇంట్లో ఉండి పెరడు లేనివాళ్లు పడవ కింద పెద్ద పట్టా పరిచి నాలుగు వైపులా ఇటుకలతో అంచు లేపి, నీళ్లను బకెట్లలోకి ఎత్తి ఇంటి డ్రైనేజీలో పోయడం రోడ్డు మీద వదిలేయడం కంటే చాలా నయం.

ఇక దేంతో కడగాలన్నది. ఫైబర్ పైన మెరిసే పొర ఉంటుంది కదా, దాన్నే జెల్‌కోట్ అంటారు, దాని మందం దాదాపు అర మిల్లీమీటరు. మనం కాపాడుకోవాల్సింది ఆ అర మిల్లీమీటరునే. గట్టి పీచు, స్కాచ్ బ్రైట్, స్టీలు ఉన్ని, గిన్నెలు తోమే పౌడర్లు పెట్టి రుద్దిన ప్రతిసారీ అది పలచబడుతుంది, గీతల్లో ఇంకా ఎక్కువ మురికి పడుతుంది, మళ్లీ ఇంకా గట్టిగా రుద్దాలనిపిస్తుంది.

మామూలు దుమ్ముకు, చేతి మరకలకు గిన్నెలు తోమే లిక్విడ్ బకెట్‌కు ఒక్క చెంచా చాలు. బట్టల పౌడర్ వద్దు, అందులో సోడా ఎక్కువ, పడవ మీద పట్టించిన మైనం మొత్తం లాగేస్తుంది. కొన్ని డిటర్జెంట్లలో ఫాస్ఫేట్లు ఉంటాయి, అవి నీళ్లలో చేరితే నాచుకు ఎరువు వేసినట్టే. ఆన్‌లైన్‌లో దొరికే ఖరీదైన పడవ షాంపూలు బాగానే పనిచేస్తాయి, కానీ సీసా మీద బయోడిగ్రేడబుల్ (సూక్ష్మజీవులు విరగ్గొట్టగలిగేది) అని రాసి ఉందని వాటిని నీళ్లలో పోయకండి. ఆ పేరు కోసం సాధారణంగా చేసే పరీక్ష 28 రోజులది, అన్ని రోజుల్లో ఎక్కువ భాగం విరిగితే చాలు. మొదటి గంటలోనే మొప్పలు పాడైన చేపకు 28 రోజుల తర్వాత విరిగితే ఏం లాభం. మా వరకు గిన్నెల లిక్విడ్‌కీ ఆ షాంపూకీ శుభ్రంలో పెద్ద తేడా కనిపించలేదు. తేడా ఉన్నది మైనం మీదే, షాంపూ దాన్ని తక్కువగా తీస్తుంది. ఏడాదికి నాలుగైదు సార్లు మాత్రమే సబ్బు పెట్టేవాళ్లకు ఆ ఖర్చు అనవసరం.

మనవైపు అసలు సమస్య మురికి కాదు, బోరు నీళ్లు. ఎంత బాగా కడిగినా ఆఖర్న బోరు నీళ్లు కొట్టి ఎండలో ఆరనిస్తే తెల్లటి సున్నపు చుక్కలు పడవ నిండా ముగ్గు వేసినట్టు పడతాయి. వాటిని తీయడానికి మా బావ ఒకసారి నాకు చెప్పకుండా బాత్రూంలో వాడే యాసిడ్ పోశాడు. బుస్సుమని పొంగి చుక్కలైతే ఐదు నిమిషాల్లో పోయాయి, కానీ ఆ నీళ్లు కారిన ట్రాలీ పైపుల మీద జింక్ పూత నల్లబడి ఊడిపోయింది, స్టెయిన్‌లెస్ కొక్కేల మీద వారం తిరగకుండా సూది మొనలంత తుప్పు చుక్కలు లేచాయి, తెరచాప కొయ్య కింద అల్యూమినియం పాదం గరుకుగా బూడిద రంగులోకి తిరిగింది. పడవ కంటే దాని ఇనుప సామాన్లకే ఖర్చు ఎక్కువని అప్పుడు అర్థమైంది. ఆ యాసిడ్‌తో పాటు బ్లీచింగ్ కూడా కలిపే అలవాటున్నవాళ్లు ఉంటారు, దయచేసి చేయకండి, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసి ఉన్న షెడ్డులో ప్రాణం మీదికి వస్తుంది. బ్లీచింగ్ ఒక్కటే అయినా చేపలకు విషం, తెరచాప కుట్లకూ మంచిది కాదు.

సున్నపు చుక్కలకు తెల్ల వెనిగర్ చాలు. సగం వెనిగర్ సగం నీళ్లు కలిపి గుడ్డ తడిపి చుక్కల మీద పరిచి పది నిమిషాలు ఉంచి తుడవండి, మొండివి ఉంటే రెండోసారి. పాచీ ఆకుల రసమూ పట్టి నీటి గీత దగ్గర టీ రంగులో మిగిలే మరకా, తుప్పు మరకా వెనిగర్‌కు లొంగవు. వాటికి మేం వాడేది ఆక్సాలిక్ యాసిడ్, లీటరు నీళ్లకు 50 గ్రాములు కలిపితే చాలు. కానీ దీంతో ఒక చిక్కుంది, సున్నం ఎక్కువున్న బోరు నీళ్లలో కలిపితే అది కాల్షియంతో కలిసి కరగని తెల్లటి పొడిగా మారుతుంది, మందు బలమూ తగ్గుతుంది, పడవ మీద కొత్త తెల్ల పొరా మిగులుతుంది. కాబట్టి నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లో, పట్టి పెట్టుకున్న వాన నీళ్లో, ఏదీ లేకపోతే ప్యూరిఫయర్ నీళ్లో వాడండి. మొదట వెనిగర్‌తో సున్నం తీసి కడిగి, తర్వాత ఆక్సాలిక్ పెట్టండి, ఈ వరస తిప్పకండి. ఇది విషం, చేతులకు గ్లవుజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. బకెట్‌తో పోయకండి, బ్రష్‌తో మరక మీద మాత్రమే రాసి, పది నిమిషాలకు తడి గుడ్డతో ఎత్తేయండి, ఆ గుడ్డను పిండిన నీళ్లలో నురగ ఆగేదాకా వంటసోడా వేసి పాత డబ్బాలో ఉంచండి. మా ఇంట్లో ఏడాదికి అలాంటిది అర బకెట్ కూడా రాదు.

థిన్నరూ అసిటోనూ తారు చుక్కలకు, పాత స్టిక్కర్ జిగురుకు మాత్రమే, గుడ్డ కొనకు అంటించి వాడాలి. కొబ్బరినూనె రాసి గంట ఉంచితే చాలా జిగురు అసలు థిన్నర్ లేకుండానే వస్తుంది, ముందు అది ప్రయత్నించండి.

కడగడం తగ్గించుకోవాలంటే మైనం పట్టించడం ఒక్కటే నిజమైన మార్గం. ఎండకు జెల్‌కోట్ పైన సుద్దలా పొడి లేస్తుంది, వేలు రాస్తే తెల్లగా అంటుకుంటుంది, ఆ గరుకులోనే పాచి పట్టు దొరకబుచ్చుకుంటుంది. దుకాణంలో కాంపౌండ్, పాలిష్, వ్యాక్స్ అని మూడు డబ్బాలు చూపిస్తారు. కాంపౌండ్ పై పొరను కోసేస్తుంది, సుద్ద బాగా లేచిన పాత పడవకు ఒక్కసారికి సరే, ఏటా చేస్తే ఆ అర మిల్లీమీటరు ఎన్నాళ్లు వస్తుంది చెప్పండి. పాలిష్ దానికంటే మెత్తన. వ్యాక్స్ ఏమీ కోయదు, పైన కప్పుతుంది. మేం ఏడాదికి రెండుసార్లు వ్యాక్స్ పెడతాం, వానలకు ముందొకసారి, సంక్రాంతి అయ్యాక ఒకసారి, తెల్లవారుజామున నీడలో. మే నెలలో మధ్యాహ్నం మాత్రం ముట్టుకోకండి, డబ్బా మూత తీసేలోపే మైనం కారిపోతుంది, గుడ్డకు అంటిందంతా గీతలు గీతలుగా ఎండిపోతుంది. వ్యాక్స్ ఉన్న పడవ మీద పిట్ట రెట్ట కూడా తడి గుడ్డకు వచ్చేస్తుంది. లేని పడవ మీద నీటికాకుల రెట్ట రెండు రోజులుంటే మరక లోపలికి తినేస్తుంది.

అడుగున విషపు రంగు వేయించాలా అని చాలామంది అడుగుతారు, సముద్రం పడవల వీడియోలు చూసి. మన పడవ ట్రాలీ మీద ఉండి వారానికోసారి నీళ్లు చూసేదైతే అస్సలు అక్కర్లేదు. ఆ రంగుల పనే మెల్లగా రాగిని నీళ్లలోకి వదలడం, పాచినీ నత్తల్నీ చంపడం. ఇంతకుముందు టిన్ కలిపిన రంగులు ఉండేవి, వాటి హాని చూసి అంతర్జాతీయ ఒప్పందం చేసి 2008 నుంచి నిషేధించారు. మన కృష్ణలో ఉప్పు లేదు, సముద్రపు గవ్వ పురుగుల బాధ లేదు, పట్టేది మెత్తటి పాచే. ఏడాది పొడవునా జెట్టీకి కట్టేసి ఉంచే లాంచీ అయితే విషం లేని గట్టి ఎపాక్సీ రంగు వేయించి వారానికోసారి స్పాంజితో తుడిపించుకోవడం మేలు. ఇప్పటికే రాగి రంగు ఉన్న పాత పడవ కొన్నారనుకోండి, నీళ్లలో ఉంచి మాత్రం రుద్దకండి, ఎర్రటి మబ్బులా రంగు లేచి నీళ్లలో కలిసిపోతుంది. బయటికి తీసి, పట్టా పరిచి, తడిపిన సాండ్‌పేపర్‌తో గీకి, ఆ మడ్డి మొత్తం డబ్బాలో పోగు చేయాలి. పొడిగా గీకితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది, మాస్కు లేకుండా ఆ పని మొదలుపెట్టొద్దు.

ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు పడవ తిప్పేవాళ్లకు ఇంకో బాధ్యత ఉంది. హుస్సేన్ సాగర్‌లో తిప్పి తెచ్చిన పడవను మర్నాడే సోమశిలలోనో డిండిలోనో కోయిల్ సాగర్‌లోనో దింపితే, ట్రాలీ చక్రానికి చుట్టుకున్న ఒక్క గుర్రపు డెక్క ముక్క చాలు, ఆ నీళ్లకు కొత్త తలనొప్పి మొదలవ్వడానికి. దాని విత్తనాలు బురదలో ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. పడవను ట్రాలీ ఎక్కించిన చోటే అడుగున ఉండే బిరడా (డ్రెయిన్ ప్లగ్) తీసి లోపలి నీళ్లన్నీ వదలండి, చుక్కాని సందుల్లో, ట్రాలీ రోలర్ల మధ్య, తాడు చుట్టల్లో చేయి పెట్టి నాచు, బురద తీసేయండి, మన ఎండకు ఐదు రోజులు బాగా ఆరనిచ్చి అప్పుడు కొత్త నీళ్లకు తీసుకెళ్లండి. కడగడం కంటే ఈ పని ముఖ్యమని నేను అనుకుంటాను, సబ్బు నష్టం కొన్నాళ్లకు తీరుతుంది, గుర్రపు డెక్క పట్టిన చెరువును బాగు చేయడం ఎంత కష్టమో మూసీ పొడవునా ఉన్న ఊళ్లను అడగండి.

తెరచాప గురించి పెద్దగా చెప్పేదేం లేదు. వట్టి నల్లా నీళ్లు, మెత్తటి చేయి. వాషింగ్ మెషీన్‌లో వేయకండి, బ్లీచింగ్ అసలు వద్దు, ఇస్త్రీ వద్దు. బూజు మరక పడితే పలుచటి గిన్నెల లిక్విడ్ నీళ్లతో మరక వరకే రుద్ది, బాగా జాడించి, నీడలో రెండు స్తంభాల మధ్య తాడు కట్టి వేలాడదీయండి. వేపచెట్టు కింద మాత్రం కట్టకండి, మేం కట్టిన రోజే గోరింకలు గూడు పెట్టుకున్నట్టున్నాయి, సాయంత్రానికి మళ్లీ మొదటికొచ్చింది.